పెదవులు కనబడని చోట

ఉప్మా చల్లారిపోయింది. ఇమ్మానుయేలు గారి గది తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఆయన భార్య మొగులమ్మ ఆ పళ్లెం మీద ఇంకొక పళ్లెం బోర్లించి, కోడలి వైపు చూడకుండానే అన్నది.

"రాత్రి తినలే. ఇప్పుడు గూడ తినకపాయె. నువ్వే పోయి పిలువు. నీతోనే గద లొల్లి."

జ్యోతిరాణి గిన్నెలు కడగడం ఆపలేదు. "నేను పిలిస్తే రారు అత్తమ్మా."

"ఎట్లొస్తడు? నలుగురి ముందట ఆయన హార్మోనియం మెట్ల మీద చెయ్యి పెడితివి. నాకు పెండ్లయిన కాడికెల్లి నేను ఆ పెట్టె మీద దుమ్ము తుడుద్దామన్నా ఆయనను అడిగి తుడిచిన."

జ్యోతిరాణి భర్త కుమారస్వామి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. జిల్లా కచేరీలో ఉద్యోగి. తగాదాలను దస్త్రాల వలె చూడడం అతనికి అలవాటు. త్వరగా ముగించి పక్కన పెట్టాలి.

"జ్యోతీ, మాఫీ అడుగు. అయిపోతది. తప్పు నీదా, నాయినదా అని నేనడుగుతలేను. మధ్యాహ్నం రైలుకు తాండూరు పోవాలె. పొద్దుమూకంగనే సినిమా. హార్మోనియం తెల్లారంగనే బండిల పోయింది. ఇప్పుడు నాయిన రానంటే పాండురంగం గారికి నేనేం ముఖం చూపెట్టాలె?"

"రానని ఆయన అన్నరా?"

"ఏమీ అంటలేడు. గదే పరేషాన్." కుమారస్వామి గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. పాస్టరు గారు వచ్చే నెల నుంచి చర్చిల వాయించుడు నీకు ఒప్పజెప్తనన్నరు. అందుకే నువ్వు నిన్న గట్ల చేసినవని మంది అనుకుంటున్నరు. కుర్చీ కోసం మామను నెట్టేసిందని. ఎరుకేనా నీకు?"

జ్యోతిరాణి చేతిలోని గిన్నె నీళ్లలోకి జారింది.

"మీరు గూడ గట్లనే అనుకుంటున్నరా?"

కుమారస్వామి చివరి గుండీ పెట్టుకున్నాడు. బయటి వరండాలోకి వెళ్లిపోయాడు.

*

నిన్నటి సంగతి ఆమె కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

చర్చి పక్క హాలులో తెల్లని తెర కట్టారు. తాండూరు నాపరాళ్ల వ్యాపారి పాండురంగం గారి అమ్మాయి వర్షిత స్వయంగా వచ్చి, తాండూరు ప్రదర్శనకు ముందు ఒకసారి వాయించి చూసుకోవడానికి సినిమా వేసింది. నూరేళ్ల కిందట ఐరోపాలో తీసిన మూగ చిత్రం అది. ఇనుప గోళంలో కూర్చుని కొందరు అంగారకుడి మీదికి వెళ్లే కథ. మాటలు లేవు, పాటలు లేవు. తెర పక్కన కూర్చుని ఎవరో ఒకరు సంగీతం వాయిస్తేనే ఆ బొమ్మలకు ప్రాణం. తాండూరులో నలుగురినీ పిలిచి ఈ సినిమా వేస్తానని వర్షిత అనగానే, పాండురంగం గారికి కళాశాలలో తనకు ఇంగ్లీషు చెప్పిన ఇమ్మానుయేలు గారూ, కాళ్లతో తొక్కుతూ వాయించే ఆయన హార్మోనియమూ గుర్తుకు వచ్చాయి.

మొదటి సగం ఆయన అద్భుతంగా వాయించారు. శాస్త్రజ్ఞుడు వాదిస్తూ ఉంటే ఆయన వేళ్లు వాదించాయి. శాస్త్రజ్ఞుడి భార్య బతిమాలుతూ ఉంటే మెట్లు బతిమాలాయి.

ఆ తరువాత గోళం అంగారకుడి మీద దిగింది. అక్కడి గాలి పీల్చడానికి పనికిరాదట. అందుకని అందరూ లోహపు ముసుగులు తొడుక్కున్నారు. చివరి ముసుగు తొడగగానే హార్మోనియం ఆగిపోయింది.

ఇమ్మానుయేలు గారు చేతులు ఒడిలో పెట్టుకుని, తల కొంచెం ఎత్తి, తెర వైపే చూస్తూ కూర్చున్నారు. ప్రార్థన ముగిసి జనం పాట ఎత్తుకునే వరకు ఆయన సరిగ్గా అలాగే కూర్చుంటారు. తెర మీద కొండ విరిగి పడుతున్నది. మనుషులు పరుగెత్తుతున్నారు. ఆయన ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నారు.

పాట కోసం కాదు. నోళ్ల కోసం.

ఆ క్షణంలో జ్యోతిరాణికి అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. చర్చిలో హార్మోనియాన్ని జనానికి ఎదురుగా ఎందుకు తిప్పించారో, ముందు వరుస ఆడవాళ్లు నోరు బాగా తెరిచి పాడాలని ఎందుకు గదమాయిస్తారో, ఇంట్లో ఎవరైనా వెనుక నుంచి మాట్లాడితే "ముఖం చూసి మాట్లాడటం మర్యాద" అని ఎందుకు కోప్పడతారో, కరెంటు పోతే సాయంకాల ప్రార్థనను మధ్యలోనే ఎందుకు ముగిస్తారో. ఇంటిల్లిపాదీ దాన్ని ఆయన క్రమశిక్షణ అనుకున్నారు. పిల్లల చేత పాటింపజేశారు కూడా.

ఆయనకు వినబడటం లేదు. ఎదుటి పెదవుల కదలికను బట్టే స్వరం ఎత్తుతూ, దించుతూ వాయిస్తున్నారు. ముసుగుల వెనుక పెదవులు లేవు.

హాలులో గుసగుసలు మొదలయ్యాయి. ఆయన ఎందుకు ఆగారో ఇంకెవరికైనా తోచేలోపు ఆమె లేచి వెళ్లి తన చేతులు మెట్ల మీద పెట్టింది. కాపాడాలనే పెట్టింది. ఇమ్మానుయేలు గారు ఆ చేతులను చూశారు. కుర్చీ వెనక్కి జరిపి లేచారు. ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచి వచ్చేశారు.

*

"అత్తమ్మా, మీతో ఒక మాట చెప్పాలె" అన్నది జ్యోతిరాణి. "ఎవరితో అనొద్దు."

పొయ్యి మీద కుక్కరు కూత వేయడానికి సిద్ధంగా ఉన్నది. మొగులమ్మ గడపకు వీపు పెట్టి పీట మీద కూర్చుని చింతపండు పిసుకుతున్నది. జ్యోతిరాణి ఆమెకు ఎదురుగా కూర్చుని, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"మామయ్యకు చెవులు వినబడుతలేవు."

మొగులమ్మ చేయి ఆగింది. "ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవరు చెప్పలే. నిన్న చూసిన."

"వయసైతున్నది, జర మందగించి ఉంటది. గంతదానికి చెవిటోడంటవా? నిన్న పొద్దున పాలు వచ్చినయంటే పలికిండు గద."

"అప్పుడు మీరు ఆయన ఎదురుంగ నిలబడ్డరు."

"మొన్న కుమారస్వామి ఫోన్ చేస్తే..."

"ఫోన్ నాకే ఇచ్చిండ్రు అత్తమ్మా. ఎప్పుడైనా నాకే ఇస్తరు. నువ్వే మాట్లాడు, నాకు పనున్నదంటరు."

చింతపండు పులుసు ఆమె వేళ్ల సందుల నుంచి బొట్లుబొట్లుగా కారుతున్నది. కోడలితో కాదన్నట్టు అన్నది.

"లైటు బందు చేస్తే నాతో మాట్లాడడు. నేనేదో ఒకటి చెప్త, అటు మల్లుకొని పంటడు. యాష్టకొచ్చిందనుకున్న. ముసలిదాన్నైన, నా మాట ఎవరికి కావాలె అనుకున్న. గిన్ని దినాల సంది నేను కోపమనే అనుకున్న బిడ్డా."

కుక్కరు పెద్దగా కూత వేసింది. జ్యోతిరాణి ఉలిక్కిపడి తల ఎత్తింది.

నడిమింటిలో, గది తలుపు తెరిచి, ఇమ్మానుయేలు గారు నిలబడి ఉన్నారు. తెల్లని చొక్కా, నల్లని కోటు. ఆయన కుక్కరు వైపు చూడటం లేదు. ఆమె పెదవుల వైపు చూస్తున్నారు.

ఎంతసేపటి నుంచి చూస్తున్నారో తెలియదు. ఆమె గొంతు తగ్గించింది గాని ముఖం తిప్పుకోలేదు.

"రైలు వేళ అవుతున్నది" అన్నారాయన. "జ్యోతిరాణి కూడా బయలుదేరుతుంది."

మొగులమ్మ వెనక్కి తిరగలేదు. కొంగుతో ముఖం తుడుచుకున్నది. "నేను రాను. ఆ చీకట్ల కూసోని ఆయన దిక్కు చూసుడు నాతోని కాదు" అన్నది. ఆ మాట ఆమె వీపు వైపు నిలబడి ఉన్న మనిషిని చేరలేదు.

*

రైలు వికారాబాదు దాటింది. కుమారస్వామి పక్క సీటులో ఫోన్ చూసుకుంటున్నాడు. కిటికీ దగ్గర మామ, ఆయనకు ఎదురుగా కోడలు.

ఇమ్మానుయేలు గారు కిటికీ బయటికి చూస్తూనే మొదలుపెట్టారు. చక్రాల చప్పుడు కింద ఆయన గొంతు ఆమెకు మాత్రమే అందింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

జ్యోతిరాణి జవాబు చెప్పబోయి, భర్త వైపు చూసి ఆగింది. తరువాత గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపింది. నిన్న.

ఆయన కళ్లు చిట్లించి చూశారు. తల పంకించారు.

"కుమారస్వామికి?"

చెప్పలేదు.

"చెప్పకూడదు."

డాక్టరుకు చూపించుకున్నరా, అన్నాయి ఆమె పెదవులు.

"హైదరాబాదు వెళ్లి చూపించుకున్నాను. పెన్షనర్ల సభ అని చెప్పి వెళ్లాను. చెవికి మిషను ఇచ్చారు. పెట్టుకుంటే చప్పుడు వస్తుంది. మాట రాదు. స్వరం అసలే రాదు. దాన్ని పుస్తకాల వెనుక పెట్టాను."

ముసుగుల కాడ ఎట్ల మామయ్యా?

"ఆ భాగం రాత్రంతా తలచుకున్నాను. నిన్న నేను సిద్ధంగా లేను."

నేను పక్కన కూసుంట. మోచెయ్యి తాకుత. ఎవరికీ తెల్వదు.

"ఒకరు తాకితే వాయించే మనిషిని కాను." ఆయన ముఖం బిగుసుకున్నది. "విను. నువ్వు మెట్ల మీద చేయి వేయవు. నన్ను తాకవు. ముసుగుల దగ్గరికి వచ్చాక నా వైపు చూడవు కూడా. నువ్వు చూస్తే నలుగురూ చూస్తారు. నాకు మాట ఇవ్వు."

మరి నన్నెందుకు తీసుకపోతున్నరు?

ఇమ్మానుయేలు గారు మళ్లీ కిటికీ బయటికి చూశారు. కంది చేలు పక్క నుంచి జరిగిపోతున్నాయి.

"నువ్వు నా చోటు కోరావని ఊళ్లో అనుకుంటున్నారు, వాళ్ల పెదవుల మీద చూశాను. ఆ మాట ఇంట్లోకి కూడా వచ్చింది. నిన్ను విడిచి నేనొక్కణ్ణే వెళితే అది నిజమని నేను సంతకం చేసినట్టు అవుతుంది."

జ్యోతిరాణి భర్త వైపు ఒకసారి చూసింది. అయినా ఆమె పెదవులు ఊరుకోలేదు. మీరు ఆగిపోతే ఎట్ల? అందరికీ తెలిసిపోతే?

"ఆగను."

మామయ్యా.

"ఆగనని చెప్పాను. మాట ఇవ్వు."

ధారూర్ స్టేషను వచ్చింది. రైలు ఆగగానే పెట్టెలో ఒక్కసారిగా నిశ్శబ్దం పడింది. కుమారస్వామి ఫోన్ మీది నుంచి తల ఎత్తి, కదులుతున్న భార్య పెదవులను, వాటినే చూస్తున్న తండ్రిని చూశాడు.

"ఏం మాట్లాడుతున్నరు మీరిద్దరు? నాకొక్క ముక్క ఇనబడుతలేదు."

"ఏం లేదు" అన్నది జ్యోతిరాణి, ఈసారి గొంతుతో. "రైలు చప్పుడుకు."

"రైలు ఆగింది గద."

ఆమె మామ వైపు తిరిగి, ఒక్క మాట, నోరు పూర్తిగా తెరిచి చెప్పింది. "సరే."

*

తాండూరు సభామందిరం ద్వారం దగ్గరే పాండురంగం గారు నిలబడి ఉన్నారు. నాపరాళ్ల వ్యాపారంలో తల నెరిసినా, గురువు గారిని చూడగానే ఆయన నడకలో విద్యార్థి వచ్చి చేరాడు. అయితే ఎదురు రాలేదు, పక్క నుంచి వచ్చారు.

"సార్, నమస్తే సార్. మీ కోసం మస్తుమంది వచ్చిండ్రు."

ఇమ్మానుయేలు గారు తెర వైపు నడుస్తూనే ఉన్నారు. పాండురంగం గారి జోడించిన చేతులు గాలిలోనే నిలిచిపోయాయి.

జ్యోతిరాణి గబగబా ముందుకు వెళ్లి మామకు ఎదురుగా నిలబడింది. "మామయ్యా, పాండురంగం గారు."

"ఓ, పాండురంగం." ఆయన వెనక్కి తిరిగి, భుజం తట్టారు. "మనసు సంగీతం మీద ఉన్నది. ఏమనుకోకు."

పాండురంగం గారు నవ్వారు. "మీరు జర గూడ మారలే సార్. క్లాసుల గూడ గంతే. నేను వెనుక బెంచి నుంచి డౌటు అడిగితే ఇనబడనట్టే ఉంటుండె. ముందుకొచ్చి అడుగు అంటుండె." కుమారస్వామి వైపు తిరిగి గొంతు తగ్గించారు. "శాలువ తెప్పిచ్చిన. సినిమా అయినంక కప్పుదాం."

కుమారస్వామి నవ్వలేదు. తండ్రి వీపు వైపు చూస్తున్నాడు.

వర్షిత జ్యోతిరాణిని తెర పక్కకు తీసుకువెళ్లింది. కాళ్ల హార్మోనియానికి కొంచెం ఎడంగా, చీకటి పడే చోట, ఒక కీబోర్డు అమర్చి ఉన్నది. దాని మీద గుడ్డ కప్పి ఉన్నది.

"ఆంటీ, ఏమనుకోవద్దు. నిన్నటిది చూసినంక నాకు ఫికర్ పట్టుకున్నది. సార్ మళ్ల ఆగితే మీరు ఎంటనే అందుకోండ్రి. సార్‌కు చెప్పకుండ్రి. ఆ చీకట్ల కీబోర్డు సార్‌కు కనబడది."

"నేను వాయించను అమ్మా."

"ఎందుకు ఆంటీ? మీరు వాయిస్తే ఆయనకు..."

వర్షిత మాట పూర్తి చేయలేదు. ఆ అమ్మాయి చెప్పబోయింది ఆయనకు కోపం వస్తుందా అని కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కాని జ్యోతిరాణికి వినబడిన మిగతా సగం వేరు. తాను వాయిస్తే ఆయనకు తెలియనే తెలియదు. ఈ చీకట్లో, ఆయన ఆగిపోయిన చోట తన సంగీతం మొదలైతే, హాలంతా ఆయనదేననుకుంటుంది. శాలువా కప్పుతారు. ఆయన గౌరవం నిలబడుతుంది. ఆయనకు ఇచ్చిన మాట ఒక్కటే నిలబడదు.

"తీసెయ్యనా?" అడిగింది వర్షిత.

జ్యోతిరాణి తీసెయ్యమని చెప్పడానికే నోరు తెరిచింది. అంతలో దీపాలు ఆరిపోయాయి.

*

మొదటి సగం నిన్నటి కంటె బాగా సాగింది. ఇనుప గోళం నేలను విడిచి లేచేటప్పుడు ముందు వరుసలోని పిల్లలు కుర్చీల మీద ముందుకు జరిగారు. శాస్త్రజ్ఞుడి భార్య తిరిగి వస్తావా అని అడిగే చోట, తెర మీద ఆమె పెదవులు ఎంత మెల్లగా కదిలాయో ఆయన వేళ్లు అంత మెల్లగా కదిలాయి. ఎవరో ముక్కు చీదుకోవడం వినబడింది.

అంగారకుడి నేల వచ్చింది. ముసుగులు వచ్చాయి.

జ్యోతిరాణి ఇచ్చిన మాట ప్రకారం ముఖం గోడ వైపు తిప్పుకున్నది. కీబోర్డు దగ్గరి కుర్చీలో వింటూ కూర్చున్నది.

హార్మోనియం సాగుతున్నది. చివరి ముసుగు తొడిగిన తరువాత కూడా సాగుతున్నది. ఆయన రాత్రంతా తలచుకున్నది ఇదే. లోతైన స్వరాలు, ఒకదాని మీద ఒకటి, కొండ విరిగి పడేటట్టు. ఆమె కళ్లు మూసుకున్నది.

అప్పుడు ఒక స్వరం తడబడింది. తరువాతిది కూడా. కొండ పడటం అయిపోయింది, ఆయన సంగీతం ఇంకా కొండ దగ్గరే ఉన్నది. తెర మీద ఇప్పుడు ముసుగుల మనుషులు కదలకుండా నిలబడి ఉన్నారు. ఎవరు ఎవరితో ఏమంటున్నారో చెప్పే ముఖం ఒక్కటీ లేదు.

హార్మోనియం ఆగింది.

కాసేపు జనం అది సంగీతంలో భాగమే అనుకున్నారు. తరువాత ఫ్యాన్ల చప్పుడు వినబడసాగింది. ఎవరో దగ్గారు. వెనుక ఎవరో నవ్వు ఆపుకున్నారు.

జ్యోతిరాణి చేయి కీబోర్డు మీది గుడ్డ అంచును పట్టుకున్నది. ఒక్కసారి లాగితే చాలు. ఆయన చూడరు. ఆయన వినరు. మాట తప్పినట్టు ఆమెకు ఒక్కదానికే తెలుస్తుంది.

గుడ్డ సగం జరిగింది.

"అమ్మా జ్యోతిరాణీ."

హాలంతా వినబడింది. ఆమె చేయి ఆగిపోయింది.

"ఇటు తిరుగు. నీ ముఖం కనబడటం లేదు నాకు. సంగీతంలో ఎక్కడున్నానో చెప్పు."

ఆయన గుసగుసలాడుతున్నానని అనుకుంటున్నారు. ఆ సంగతి ఆయన గొంతులోనే ఉన్నది. ఎవరికీ వినబడకూడదని జాగ్రత్తపడే మనిషి గొంతు అది. కాని ఎంత మెల్లగా మాట్లాడుతున్నారో కొలుచుకునే చెవి ఆయనకు లేదు. చివరి వరుస దాకా ఆ మాటలు స్పష్టంగా వెళ్లాయి. నవ్వినవారు నవ్వు మానేశారు.

"నాయినా."

రెండో వరుస నుంచి కుమారస్వామి పిలిచాడు. ఇమ్మానుయేలు గారు తల తిప్పలేదు.

"నాయినా." ఈసారి అరిచినట్టే పిలిచాడు. పాండురంగం గారు ఒడిలో పెట్టుకున్న శాలువాను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కొడుకు వైపూ తండ్రి వైపూ మార్చి మార్చి చూశారు. తండ్రి ఇంకా కోడలున్న మూలకే, ఓపికగా, కొంచెం తల ఎత్తి చూస్తున్నారు.

జ్యోతిరాణి గుడ్డను వదిలేసింది. కుర్చీని తెర వెలుగులోకి జరుపుకుని ఆయనకు ఎదురుగా తిరిగింది. ఆయన ముఖంలో ఒక చిన్న నిబ్బరం వచ్చింది. చేతులు మళ్లీ మెట్ల మీదికి చేరాయి.

ఆయన ఆమె పెదవుల కోసం ఎదురు చూస్తున్నారు. హాలంతా ఎదురు చూస్తున్నది. ఆమె నోరు తెరిచింది.

వెనుక కుమారస్వామి కుర్చీని తోసుకుని, తండ్రికి తన ముఖం కనబడేలా వాళ్లిద్దరి మధ్యకు నడిచి వస్తున్నాడు.